భోగాపురం నుంచి ఎక్కేవాళ్ళు సరే, దిగేవాళ్ళ సంగతేంటి

ముక్కనుమ మర్నాడు శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస స్టేషన్‌లో ఒక గంట నిలబడితే మా జిల్లా సంగతి మొత్తం తెలిసిపోతుంది. బియ్యం మూటలు, అరిసెల డబ్బాలు, కిటికీలోంచి పిల్లల్ని లోపలికి అందించేస్తున్న తండ్రులు, అందరూ వెళ్ళేవాళ్ళే. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ కట్టేవాళ్ళు, చెన్నైలో వాచ్‌మెన్లు, బెంగళూరు ఐటీ పిల్లలు, గుజరాత్‌లోని వీరావల్ వెళ్ళి బోట్లెక్కే మత్స్యకారులు. ఈసారి వాళ్ళ మధ్యలో నేనూ నిలబడ్డాను, చుట్టుపక్కల అందరి నోటా ఒకటే మాట, విజయనగరం జిల్లా భోగాపురం కొత్త ఎయిర్‌పోర్ట్‌లో విమానం దిగిందంట కదా అని.

దిగింది. 2026 జనవరి 4న ఢిల్లీ నుంచి ఎయిర్ ఇండియా ట్రయల్ విమానం వచ్చి దిగింది, మా శ్రీకాకుళం ఎంపీ, విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు కూడా అందులోనే వచ్చారు. ఆ వీడియో మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఎన్నిసార్లు ఫార్వర్డ్ అయిందో లెక్కలేదు. నాకూ చాలా సంతోషంగా అనిపించింది, నిజంగా. 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి, ఇద్దరు ముఖ్యమంత్రులు శంకుస్థాపన చేసిన చోటు అది, ఇన్నేళ్ళు చూశాక 3,800 మీటర్ల రన్‌వే మీద చక్రాలు ఆనడం కళ్ళారా చూస్తే ఎవరికైనా గుండె నిండుతుంది. విశాఖ ఎయిర్‌పోర్ట్ నేవీ వాళ్ళది, వాళ్ళ ట్రైనింగ్ టైమ్‌లో మన విమానాలకి స్లాట్లు దొరకవు, కాబట్టి కొత్తది కావాల్సిందే, అందులో నాకు వేరే మాట లేదు.

కానీ స్టేషన్‌లో నిలబడి నేను ఆలోచించింది ఇంకోటి. ఈ జనమంతా ఒక వారం ఇటు, ఒక వారం అటు. మిగతా యాభై వారాలు ఇటు వచ్చేదెవరు? విమానం వెళ్ళేటప్పుడు నిండి వచ్చేటప్పుడు ఖాళీగా వస్తే ఏ కంపెనీ నడుపుతుంది చెప్పండి.

చిన్న ఊళ్ళకి విమానాలు వేయించడానికి కేంద్రం పెట్టిన ఉడాన్ పథకంలో జరిగింది ఇదే. 2016లో ప్రకటించి 2017 ఏప్రిల్ 27న మొదలుపెట్టారు, మొదటి రోజు ఎగిరిన వాటిలో మన కడప–హైదరాబాద్ కూడా ఉంది. గంట ప్రయాణానికి మొదట్లో 2,500 రూపాయలని కొన్ని సీట్లకి రేటు కట్టేసి, కంపెనీకి వచ్చే నష్టాన్ని వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ పేరుతో మూడేళ్ళు ప్రభుత్వం భరిస్తుంది. ఆ డబ్బు పెద్ద రూట్లలో తిరిగే విమానాల మీద వేసిన లెవీ నుంచి వస్తుంది, రాష్ట్రం కూడా 20 శాతం వేసుకోవాలి, పైగా ఇంధనం మీద వ్యాట్ ఒక శాతానికి తగ్గించాలి, పోలీసు, ఫైర్ సర్వీసు ఉచితంగా ఇవ్వాలి. ఆలోచన మంచిదే, ఊరికే ఆ చిన్న ఊళ్ళకి ఎవరూ విమానం వెయ్యరు కదా. అయితే ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే కాగ్ 2023లో ఇచ్చిన రిపోర్ట్ చూడండి, ఇచ్చిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు, మొదలైన 371లో మూడేళ్ళు పూర్తిగా నడిచినవి 112, సబ్సిడీ ఆగిపోయాక కూడా ఆ మార్చి నాటికి నిలబడినవి 54. ఆ 54 అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సీటుకి డబ్బులిస్తే విమానం వస్తుంది గానీ, అక్కడికి జనం రావడానికి పని లేకపోతే డబ్బు ఆగిన రోజే విమానమూ ఆగిపోతుంది.

భోగాపురం ఉడాన్ ఎయిర్‌పోర్ట్ కాదు, చాలా పెద్దది, మొదటి దశలోనే ఏడాదికి 60 లక్షల మందికి కడుతున్నారు, విశాఖ జనం ఎలాగూ ఉంటారు. అందుకే అది ఖాళీగా పడి ఉంటుందన్న భయం నాకు లేదు. నా భయం వేరే, విశాఖ వాళ్ళు కార్లో వచ్చి ఎక్కి వెళ్ళిపోతారు, భూమి ఇచ్చిన విజయనగరానికీ, పక్కనున్న శ్రీకాకుళానికీ కాంపౌండ్ వాల్ చూడటమే మిగులుతుందేమోనని.

మరి ఇక్కడికి వచ్చేది ఏముంది అంటారా, ఉంది. భోగాపురం, పూసపాటిరేగ తీరం పొడుగునా రొయ్యల హేచరీలు, అంటే రొయ్య పిల్లల్ని పుట్టించే కేంద్రాలు ఉన్నాయి. వనామి అనే రకం తల్లిరొయ్యలు అమెరికా లాంటి చోట్ల నుంచి విమానంలోనే వస్తాయి, వచ్చి చెన్నైలో దిగుతాయి, అక్కడ నీలాంగరైలో క్వారంటైన్‌లో ఉంచి టెస్టులు చేసి అప్పుడు వదుల్తారు, అక్కడి నుంచి మళ్ళీ ఇంత దూరం తేవాలి. అవి ప్రాణంతో ఉన్న సరుకు, నీటి వేడి కొంచెం మారినా, ఆక్సిజన్ తగ్గినా చచ్చిపోతాయి, ఒక్క లాటు పోతే హేచరీ వాడికి సీజన్ పోయినట్టే. మా మావయ్య ఒక హేచరీలో ఇరవై ఏళ్ళుగా టెక్నీషియన్, లోడ్ వచ్చే రాత్రి ఆయనకి నిద్ర ఉండదు. ఇప్పుడు రన్‌వే హేచరీల పక్కనే పడింది కదా, అలాంటి క్వారంటైన్ సెంటర్ ఒకటి ఇక్కడే ప్రభుత్వం కడితే తల్లిరొయ్య నేరుగా ఇక్కడే దిగుతుంది, రొయ్య పిల్ల ప్యాకెట్లు ఇక్కడి నుంచే వేరే రాష్ట్రాలకి ఎక్కుతాయి. విమానం పొట్టలో రానూ సరుకు, పోనూ సరుకు. సీటు సబ్సిడీ కంటే ఇది వంద రెట్లు నయం అని నా గట్టి నమ్మకం. (పలాస జీడిపప్పు గురించి అడుగుతారని తెలుసు, అది లారీలో పోయే సరుకే, దాన్ని బలవంతంగా విమానం ఎక్కించక్కర్లేదు.)

ఇంక బస్సు సంగతి. మొన్న పండక్కి నేను విశాఖలో దిగి ఊరికి రావడానికి క్యాబ్‌కి ఇచ్చిన డబ్బు విమానం టికెట్‌లో సగం పైనే అయింది. భోగాపురం హైవే పక్కనే ఉంది కాబట్టి దూరం తగ్గింది, నిజమే, కానీ రాత్రి పదకొండింటికి దిగినవాడికి శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌కో, పార్వతీపురానికో, పలాసకో బస్సు నిలబడి ఉండాలి. గల్ఫ్ నుంచి రెండేళ్ళకోసారి వచ్చే కుర్రాడు ఏ కారు బుక్ చేసుకుంటాడు? వాడు రెండు పెట్టెలతో బస్సే చూసుకుంటాడు.

డబ్బెక్కడిది అనొచ్చు. జీఎంఆర్ కంపెనీ ఒక్కో ప్యాసింజర్‌కి 303 రూపాయలు ప్రభుత్వానికి కడతామని బిడ్ వేసి ఈ ఎయిర్‌పోర్ట్ గెలుచుకుంది. ఆ డబ్బు వచ్చే రోజున అందులో కొంత ఈ రెండు జిల్లాల బస్సులకీ, ఇక్కడి పిల్లల ట్రైనింగ్‌కీ కేటాయిస్తూ ఇప్పుడే జీవో ఇవ్వమని అడగాలి. ఆ డబ్బు అమరావతి ఖజానాలో కలిసిపోయాక అడిగితే ఎవరు వింటారు.

ట్రైనింగ్ అని ఎందుకంటున్నానంటే, ఆ 2,200 ఎకరాల కోసం మరడపాలెం, ముడసలపేట, బొల్లింకలపాలెం లాంటి ఊళ్ళు లేచిపోయాయి. ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్న మాకు తెలిసిన పెద్దాయన ఒకాయన పండగలో కలిశాడు, కొబ్బరిచెట్లు, సరుగుడు తోట ఉండేవి ఆయనకి. నాతో అన్న మాట ఇది, "బావూ, ఇమానం ఎక్కాలని నాకేటి లేదు, నా మనవడు ఆ లోపల ఉజ్జోగం సేస్తే సాలు. గేటు కాడ కాపలా కాదు, లోపల."

ఆ మనవడు ఐటీఐ ఫిట్టర్ రెండో ఏడాది చదువుతున్నాడు. విమానాల కిందుండే గ్రౌండ్ ఎక్విప్‌మెంట్, బ్యాగేజ్ బెల్టులు, ఏసీ ప్లాంటు, ఇవన్నీ ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ చేసే పనులే. దానికి కోర్సు ఎక్కడ పెడుతున్నారో కనుక్కుని చెప్తానని వాడికి మాటిచ్చాను. విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ అలాంటి బ్యాచ్ ఏదైనా మొదలైందని తెలిస్తే దయచేసి నాకు రాయండి, వాడి పరీక్షలు అయ్యేలోపు కావాలి.