రెండు వంతెనలు దాటాకే ఆత్మకూరు

మా నాయన ఇరిగేషన్ ఆఫీసులో ట్రేసర్‌గా చేసి రిటైరయ్యారు. పెద్ద మ్యాపుల్ని ట్రేసింగ్ క్లాత్ మీద సిరాతో మళ్లీ గీయడం ఆయన పని. ఆయన పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. శ్రీశైలం రిజర్వాయర్ నిండినప్పుడు కృష్ణ ఒడ్డున మునిగిపోయిన ఊళ్లలో అదొకటి. ఎండాకాలంలో నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడిందని పేపర్లో చదివి, "ఒకసారి తీసుకుపో పాపా" అన్నారు. పోయిన ఏడాది ఏప్రిల్లో ఒక శనివారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి కార్లో బయల్దేరాం.

నేను పదేళ్లుగా కారు నడుపుతున్నాను. ఎక్కడికెళ్లినా ఫోన్ చెప్పినట్టే వెళ్లడం అలవాటు. ఆ రోజూ అంతే. సంగమేశ్వరం అని కొట్టాను, ఎన్ని గంటలు పడుతుందో చూశాను, స్టార్ట్ నొక్కాను. జడ్చర్ల, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా సోమశిల దాకా దారి బాగానే ఉంది. సోమశిలలో రోడ్డు నీళ్ల దగ్గర ఆగిపోయింది.

ఫోన్ తీసి అప్పుడు సరిగ్గా చూశాను. నీలం గీత ఒడ్డు దాకా వచ్చి, అక్కడి నుంచి చుక్కలు చుక్కలుగా నది మీదుగా అవతలికి పోతోంది. అది పడవ దారి. గుడి ఎదురుగా, కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. కానీ మధ్యాహ్నం గాలి లేచిందని పడవవాళ్లు ఆ రోజుకు ఆపేశారు. ఒకవేళ పడవ ఉన్నా నాయన మోకాళ్లతో ఆ ఒడ్డు దిగి ఎక్కడం కష్టమే. ఇక్కడ కృష్ణ మీద వంతెన మంజూరైంది. అది పూర్తయ్యేదాకా కారుతో అవతలికి పోవాలంటే కర్నూలు తిరిగి వెళ్లాల్సిందే, నూట యాభై కిలోమీటర్లు దాటుతుంది. ఎండ మండిపోతోంది, నాయన ఒక్క మాట కూడా అనలేదు, నాకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది.

వెనక్కి కొల్లాపూర్ వచ్చి టీ కొట్టు దగ్గర ఆగాం. ఈసారి ఆత్మకూరు అని కొట్టాను. అక్కడి నుంచి కొత్తపల్లి, ఆ మీదట సంగమేశ్వరం అని నాయన చెప్పారు. ఫోన్ గంటన్నర చూపించింది. హమ్మయ్య అనుకున్నాను.

"గంటన్నరా?" అన్నారు నాయన. "కృష్ణ దాటాల, తుంగభద్ర దాటాల. గంటన్నరలో ఆత్మకూరు ఎట్లొస్తాది పాపా?"

ఆయన సంచిలోంచి పాత రోడ్ అట్లాస్ తీశారు. అందులో కొల్లాపూర్ ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది, హైదరాబాద్–కర్నూలు రోడ్డు ఇంకా ఏడో నంబరే. 2010లో ఆ రోడ్డు నంబరు 44గా మారింది, జిల్లాలేమో 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రలో మారాయి. కానీ నదులు మారలేదు. బల్ల మీద అట్లాస్ పరిచి, కొల్లాపూర్ మీద ఒక వేలు పెట్టి, ఇంకో వేలితో పెబ్బేరు, బీచుపల్లి, కర్నూలు, నందికొట్కూరు చూపించుకుంటూ వచ్చారు. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన. కర్నూలు ఊళ్లోకి పోయేముందు తుంగభద్ర వంతెన. "ఈ రెండు దాటితేనే మన ఆత్మకూరు."

ఫోన్లో నేను ఎంచుకున్నది వనపర్తి జిల్లా ఆత్మకూరు. పెబ్బేరు నుంచి దక్షిణానికి కర్నూలు వైపు పోవాల్సింది, అది పడమటికి తీసుకుపోయేది. మాకు కావలసింది నంద్యాల జిల్లాలోది. నెల్లూరు జిల్లాలో ఇంకొకటుంది, దాని దగ్గర పెన్నా మీద ఇంకో సోమశిల కూడా ఉంది! హనుమకొండ వైపు ఒకటి, అనంతపురం వైపు ఒకటి. ఇక కొత్తపల్లులైతే లెక్కే లేదు. మన ఊళ్ల పేర్లు ఇలాంటివి కాబట్టే పాతవాళ్లు ఉత్తరం మీద మండలం, జిల్లా రాయందే పోస్టు చేసేవాళ్లు కాదు. ఫోన్లో మనం ఒక్క పేరు కొట్టి వదిలేస్తాం. అది దగ్గర్లో ఉన్నదాన్ని ముందు చూపిస్తుంది. దాని తప్పు కూడా కాదు, మనం అడిగింది అంతే.

అక్కడి నుంచి నాయన పక్క సీట్లో అట్లాస్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మలుపు వచ్చిన ప్రతిచోటా కిలోమీటరు రాయి చదవమన్నారు. తల పసుపురంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి అని చిన్నప్పుడు చెప్పింది మళ్లీ గుర్తుచేశారు. రాయి మీద తర్వాత వచ్చే ఊరు, ఎంత దూరం అన్నది చూసి అట్లాస్‌లో వేలు జరిపేవారు. ఫోన్ కూడా ఆన్‌లోనే ఉంచాను. పెబ్బేరు దగ్గర హైవే ఎక్కేచోట సర్వీస్ రోడ్డు, ఫ్లైఓవర్ గందరగోళంలో అది చెప్పిందే నయమనిపించింది. ఆ పాత అట్లాస్‌లో అవేవీ లేవు. బీచుపల్లి వంతెన మీద నాయన "ఒకటి" అన్నారు. చీకటి పడుతుండగా తుంగభద్ర దాటాం. "రెండు."

ఆ రాత్రి కర్నూల్లో లాడ్జిలో ఉన్నాం. పడుకోబోయే ముందు నేను చేసిన పని ఒకటే, ఆత్మకూరు ప్రాంతం మ్యాప్ మొత్తాన్ని ఫోన్లోకి డౌన్‌లోడ్ చేసుకోవడం. సిగ్నల్ పోతే జీపీఎస్ పోతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేదాన్ని. నిజానికి మనం ఎక్కడున్నామో తెలుసుకోవడానికి ఫోన్‌కు నెట్‌వర్క్ అక్కర్లేదు. ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే చాలు. నెట్‌వర్క్ లేకపోతే రాకుండా పోయేది మ్యాపే. నీలం చుక్క ఉంటుంది, చుట్టూ ఖాళీ బూడిదరంగు ఉంటుంది. అడవి దారుల్లో, ఘాట్ రోడ్లలో తిరిగేవాళ్లు ఈ ఒక్క పని ఇంటి దగ్గరే చేసుకుంటే ఎంతో టెన్షన్ తప్పుతుంది.

పొద్దున్నే నందికొట్కూరు, ఆత్మకూరు దాటాం. కొత్తపల్లి తర్వాత సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. డౌన్‌లోడ్ చేసిన మ్యాప్ చివరి ఊరి దాకా చక్కగా తెచ్చింది. ఊరు దాటి రిజర్వాయర్ మడుగులోకి దిగాక రోడ్డు లేదు. ఎండి పగిలిన ఒండ్రు మీద ట్రాక్టర్లు, జీపులు తొక్కిన జాడలు నాలుగైదు వైపులకు చీలిపోయి ఉన్నాయి. ఫోన్ చూస్తే మా చుక్క నీళ్ల మధ్యలో ఉంది. మ్యాప్‌లో రిజర్వాయర్ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది కదా. మేమేమో దుమ్ము రేపుకుంటూ పోతున్నాం. గొర్రెలు మేపుతున్న ఒకాయన్ని అడిగితే "ఎడమ జాడ పట్టండమ్మా, కుడిదాంట్లో బురద ఉండాది, దిగబడతారు" అన్నాడు. ఆ మాట ఏ మ్యాపులోనూ ఉండదు.

గుడి చూశాం. ఏడు నదులు కలిసే చోటంటారు, లోపల చెక్క లింగం. నాయన చాలాసేపు దండం పెట్టుకున్నారు. తర్వాత బయటికొచ్చి, చొక్కా లోపలి నుంచి మడతపెట్టిన గుడ్డ ఒకటి తీశారు. ట్రేసింగ్ క్లాత్. మడతల దగ్గర పసుపెక్కింది. డ్యాం కట్టకముందటి మ్యాపు నుంచి తన ఊరి చుట్టుపక్కల భాగాన్ని ఆయనే గీసుకున్న నకలు, అంగుళానికి మైలు. ఇంట్లో అలాంటిది ఉందని నాకు ఆ రోజుదాకా తెలియదు.

కారు బానెట్ మీద పరిచారు. ఎండకు రేకు కాలిపోతుంటే కింద తువ్వాలు వేశాను. ముందు గుడి గుర్తు మీద వేలు పెట్టారు. సూర్యుణ్ని చూసి, ఉత్తరం బాణం ఉత్తరానికి వచ్చేలా గుడ్డను తిప్పారు. అవతలి ఒడ్డున గుట్ట ఒకటి చూసి, దాన్ని గుడ్డ మీది గుట్టతో సరిపోల్చుకున్నారు. అప్పుడు గుడి నుంచి ఊరి గుర్తు దాకా జానెడు స్కేలు పెట్టి కొలిచారు. వాయవ్యంగా అంగుళంన్నర. అంటే మైలున్నర, దాదాపు రెండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు.

ఆయన చెయ్యి చాపిన వైపు చూశాను. నీళ్లే. తెల్లగా మెరుస్తున్నాయి.

"ఫోన్లో గుర్తు పెట్టేదానికి అవుతాదా?" అని అడిగారు. అవుతుందన్నాను. సిగ్నల్ లేకపోయినా ఆ పని అవుతుంది. గుడి నుంచి ఆ దిక్కున అంత దూరం కొలిచి, నీలంరంగు మధ్యలో వేలు నొక్కి పట్టుకున్నాను. గుర్తు పడింది. దానికి పేరు రాయమంది ఫోన్. నాయన చెప్పారు, నేను టైప్ చేశాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, ఫోన్ దగ్గరికి లాక్కుని చదివారు.

"రెండో అక్షరానికి దీర్ఘం ఉంటాది పాపా" అన్నారు.

దిద్దాను.