బుకారెస్ట్‌లో నా ఫ్రెంచ్ ఎంతవరకు పనికొచ్చిందంటే

ఫ్రాన్స్‌లో ఉద్యోగం కాబట్టి ఫ్రెంచ్ ఏదో నెట్టుకొస్తాను. రొమేనియన్ కూడా లాటిన్ నుంచి పుట్టిన భాషే కదా అని రొమేనియా రాజధాని బుకారెస్ట్‌కి టికెట్ కొన్నప్పుడు టెన్షన్ ఏమీ పెట్టుకోలేదు. పైగా 2025 జనవరి నుంచి రొమేనియా పూర్తిగా షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపులో కలిసిపోయింది, ఫ్రాన్స్‌లో ఉంటున్న నాలాంటి ఇండియన్ పాస్‌పోర్టు వాళ్లకి వేరే వీసా తలనొప్పి కూడా లేదు.

ప్యారిస్‌లో గార్ దు నోర్ ఉన్నట్టే ఇక్కడి పెద్ద రైల్వే స్టేషన్ పేరు గారా దె నోర్ద్. బోర్డుల మీద బిలెట్, వాగోన్, బగాజె, బయటికొస్తే కోఅఫోర్ అని సెలూన్లు, షోఫెర్లు (డ్రైవర్లు) కావాలని ప్రకటనలు. అన్నీ ఫ్రెంచ్ మాటలే, కాకపోతే ఫ్రెంచ్ వాళ్లు బోలెడు అక్షరాలు రాసి సగం మింగేస్తే వీళ్లు పలికినట్టే రాసుకున్నారు, ఆ తెలివికి దండం పెట్టాలి. థాంక్స్‌కి కూడా చాలామంది మెర్సీ అనే అంటారు. ఇంతలో మైకులో అనౌన్స్‌మెంట్ వచ్చింది, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. చూస్తే చుట్టం, వింటే పరాయి. అవునుకి రష్యన్ల లాగా 'దా' అంటారు, స్నేహితుడు, ప్రేమ లాంటి దగ్గరి మాటలు కూడా రష్యన్ కుటుంబమైన స్లావిక్ భాషల నుంచి వచ్చినవే.

దీనికి కారణం చరిత్రలో ఉంది. క్రీ.శ. 106లో రోమన్ చక్రవర్తి ట్రాజన్ ఈ డాసియా ప్రాంతాన్ని గెలిచాక లాటిన్ ఇక్కడ పాతుకుంది, తర్వాత చుట్టూ స్లావ్‌లు, హంగేరియన్లు వచ్చి స్థిరపడ్డారు. చర్చిలో శతాబ్దాలపాటు స్లావిక్ భాష నడిచింది, 1860ల దాకా రాత కూడా రష్యన్ రాసే సిరిలిక్ లిపిలోనే. పందొమ్మిదో శతాబ్దంలో జమీందార్ల పిల్లలు చదువుకి ప్యారిస్ వెళ్లి బోన్‌జూర్ బోన్‌జూర్ అంటూ తిరిగొస్తే జనం వాళ్లకి 'బోన్‌జురిస్టులు' అని పేరు పెట్టి ఏడిపించారట. మన పండితులు తెలుగులో సంస్కృతం దట్టించినట్టు వీళ్లు కావాలనే ఫ్రెంచ్ దట్టించారు, మేం లాటిన్ వాళ్లం అని చాటుకోవడానికి. రాజకీయంగా కూడా కలిసొచ్చింది. తర్వాత రొమేనియాగా మారిన వలాకియా, మొల్దావియా అనే రెండు సంస్థానాలు ఒకటవడానికి ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ గట్టిగా మద్దతిచ్చాడు, 1859లో రెండు చోట్లా పాలకుడిగా అలెగ్జాండ్రు ఇయోన్ కూజానే ఎన్నుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో రొమేనియా సైన్యాన్ని నిలబెట్టడానికి వచ్చిన ఫ్రెంచ్ జనరల్ బెర్తెలో పేరుతో ఇప్పటికీ ఊళ్లో వీధి ఉంది.

'చిన్న ప్యారిస్' అని గైడ్లు ఊదరగొట్టేది కాలియా విక్టోరియెయ్ అనే వీధి చూపించే. అక్కడ 1888లో తెరిచిన అతెనేయం సంగీతశాలకి ప్లాన్ గీసింది ఆల్బేర్ గాలెరో అనే ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్. ఊరికి ఉత్తరాన 1936లో పూర్తయిన విజయతోరణం కూడా ఉంది, ఫొటో తీసి పంపితే మా వాళ్లు ప్యారిస్ అనే అనుకున్నారు. నాలుగడుగులు పక్కకేస్తే చాలు, కమ్యూనిస్టు నియంత చౌషెస్కు కాలపు బూడిదరంగు అపార్ట్‌మెంట్లు, వాటి మధ్యలో ఇరుక్కున్న బుల్లి ఆర్థొడాక్స్ చర్చీలు. నాకైతే ప్యారిస్‌లా లేని ఆ బుకారెస్టే ఎక్కువ నచ్చింది.

తిండిలో ఫ్రాన్స్ వాసనే లేదు. చోర్బా దె బుర్తా తెప్పించుకున్నాను, బోటీతో చేసే పుల్లటి సూప్. మీద వెల్లుల్లి ఘాటు, పక్కన చిన్న గిన్నెలో పుల్లటి మీగడ, ఇంకో ప్లేట్లో నంజుకోవడానికి నిలువెత్తు మిరపకాయ! యూరప్‌లో అడక్కుండా మిరపకాయ పెట్టిన హోటల్ నాకు ఇదే మొదలు. ఈ చోర్బా టర్కీ వాళ్ల నుంచి వచ్చింది, హైదరాబాద్ శోర్బాకి సొంత అక్క.

నేను దిగిన గెస్ట్‌హౌస్ పెద్దావిడకి డెబ్బై దాటి ఉంటాయి. ఇంగ్లీష్‌లో పలకరిస్తే తల అడ్డంగా ఊపింది. "మేడమ్, ఫ్రెంచ్ వచ్చా?" అన్నానో లేదో మొహం వెలిగిపోయింది, నాకన్నా శుభ్రమైన ఫ్రెంచ్‌లో గీజర్ ఎలా వేయాలో దగ్గర్నుంచి పక్కింటి వాళ్ల మీద ఫిర్యాదుల దాకా చెప్పింది. స్కూల్లో నేర్చుకున్నదేనట, ఫ్రాన్స్ గడప తొక్కలేదు. మనవడికి మాత్రం ఇంగ్లీష్ తప్ప ఫ్రెంచ్ అక్కర్లేదు అని మూతి తిప్పింది.

సినాయా కోట చూడ్డానికి మాట్లాడుకున్న డ్రైవర్‌దీ అదే కథ, కాకపోతే అతని రెండో భాష ఇటాలియన్. 2007లో రొమేనియా యూరోపియన్ యూనియన్‌లో చేరాక టురిన్ వెళ్లి మేస్త్రీ పని చేశాడట, నేర్చుకోవడానికి ఎవరికీ ఫీజు కట్టలేదు, వింటుంటే వచ్చేసింది అన్నాడు. లక్షలమంది రొమేనియన్లు ఇటలీలో పని చేస్తున్నారు, కాబట్టి జమీందార్లు తెచ్చిన ఫ్రెంచ్ కన్నా కూలీకి వెళ్లినవాళ్లు తెచ్చుకున్న ఇటాలియనే ఇప్పుడు జనంలో ఎక్కువ పలుకుతుందేమో అనిపించింది. అతని కారు డాసియా డస్టర్. రొమేనియా కంపెనీ డాసియా 1968లో ఫ్రెంచ్ కంపెనీ రెనో లైసెన్సుతో కార్లు మొదలుపెట్టింది, 1999లో రెనోనే దాన్ని కొనేసింది. ఇదే బండి మా దేశంలో రెనో పేరుతో అమ్మారు, డాసియా అంటే ఎవరికీ తెలియదు అన్నాను. స్టీరింగ్ మీద ఒక్క దెబ్బ కొట్టి, "చూశావా, బండి మాది, పేరు వాళ్లది" అని ఘాట్ రోడ్డు పొడవునా ఫ్రెంచ్ వాళ్లని ఇటాలియన్‌లో తిడుతూనే ఉన్నాడు.