చెయ్యలేనా, చెయ్యబుద్ధి కాలేదా (నా అనుభవం)

మాది విజయనగరం. పదో తరగతి పిల్లలకి ఇంట్లోనే లెక్కల ట్యూషన్ చెప్పేదాన్ని. ఎమ్మెస్, అదే మల్టిపుల్ స్క్లెరోసిస్, మెదడూ వెన్నుపాములో నరాల పైపొర దెబ్బతినే జబ్బు, అని తేలి మూడేళ్లయింది. కాళ్ల తిమ్మిర్లు, ఒక కన్ను మసక, వైజాగ్‌లో ఎమ్మారై, ఐదు రోజులు స్టెరాయిడ్ సెలైన్లు, ఆ కథంతా ఇప్పుడొద్దులెండి.

ఆ తర్వాత ఏడాదే అసలు కష్టం. పళ్లు తోముకోడానికి కూడా మనసొచ్చేది కాదు, పిల్లలు గేటు దగ్గర నిలబడి టీచర్ టీచర్ అని పిలుస్తుంటే తలుపు తియ్యకుండా ఫ్యాన్ చూస్తూ పడుకునేదాన్ని, అందరూ నీరసం అనుకున్నారు, నేనూ అదే అనుకున్నా, ఎందుకంటే ఈ జబ్బులో నీరసం మామూలే, ఎండాకాలం మరీను. అత్తయ్యగారేమో "ఏటమ్మా, ఎప్పుడూ ఆ మంచమేనా, దిష్టి తగిలినట్టుంది" అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేసేవారు. ఒక డాక్టరయితే "ఇంత జబ్బొచ్చాక దిగులుండదా" అని బీకాంప్లెక్స్ రాసిచ్చి పంపేశారు.

చివరికి సైకియాట్రిస్టు దగ్గరికెళ్తే, ఎమ్మెస్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వస్తుంది, బాధ వల్లే కాదు, మెదడులో పడే మచ్చల వల్ల కూడా రావచ్చు, మందులకి తగ్గుతుంది అన్నారు. డిప్రెషన్ ఎంతుందో చూడ్డానికి తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చారు, మార్కులు ఎక్కువొస్తే డిప్రెషన్ ఎక్కువని. 27కి 17 వచ్చాయి, లెక్కల టీచర్ని కదా, ఫర్వాలేదే అనుకున్నా ఒక్క క్షణం! ఆఖరి ప్రశ్న చచ్చిపోవాలనిపిస్తోందా అని. మా ఆయన్ని బయటికి పంపేసి నింపాను. రాత్రుళ్లు అలా అనిపిస్తే 14416, టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైనుకి చెయ్యమన్నారు, తెలుగులోనే మాట్లాడతారు, నేను రెండుసార్లు చేశాను.

ఇంకోటి, ఏ పని ఆగిపోయినా కేలండర్ గడిలో రాయమన్నారు. ఒళ్లు సహకరించక చెయ్యలేకపోతే "లే", చెయ్యబుద్ధి కాకపోతే "బు". మొదటి నెలంతా బు బు బు. మాత్రలకి రెండు వారాలు వికారం తప్ప ఏమీ లేదు, మానేద్దామనుకున్నా. ఐదో వారం అనుకుంటా, అత్తయ్యగారు పెసరట్లు వేస్తుంటే ఆ వాసనకి ఆకలేసి నేనే లేచి ప్లేటు పట్టుకెళ్లా, ఆవిడ అట్లకాడ పట్టుకుని అలా చూస్తుండిపోయారు, అట్టు మాడిపోయింది.

ఇప్పటికీ "లే"లు ఉన్నాయి, మెట్లు, మధ్యాహ్నం ఎండ. అందుకే ట్యూషన్ సాయంత్రం ఆరు తర్వాత పెట్టుకున్నా. బాగానే ఉన్నా ఇంకో ఆరు నెలలు మాత్ర ఆపొద్దన్నారు. కేలండర్లో గడులు ఖాళీగా ఉంటున్నాయని అత్తయ్యగారు వాటిలో పాల లెక్క రాసేసుకుంటున్నారు.