తొమ్మిది స్పూన్లు

"ఆంటీ, నాకు మంచినీళ్లు చాలు." మొన్న తెలుగువాళ్లందరం కలిసినప్పుడు మా ఎనిమిదేళ్ల పాప అన్న మాట ఇది. ఆవిడ ప్రేమగా కూల్ డ్రింక్ పోసిచ్చారు. నాకు తల కొట్టేసినట్టయింది. "పెద్దవాళ్లు ఇస్తే కాదనకూడదు, రెండు గుక్కలు తాగు" అని చెవిలో చెప్పాను. తాగింది, నన్నే చూస్తూ.

ఇంటికి వచ్చాక గ్లాసు, టీస్పూన్, పంచదార డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుందని స్కూల్లో చెప్పారట. ఒక్కో స్పూను లెక్కపెడుతూ వేసింది. తొమ్మిది. తడి గ్లాసు అడుగున గడ్డకట్టిన ఆ పంచదార చూస్తే నాకు నోట మాట రాలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన దాని ప్రకారం, రోజు మొత్తం శక్తిలో ఇలాంటి చక్కెర పది శాతం దాటకూడదు, ఐదు లోపైతే ఇంకా మంచిది. ఐదు శాతమంటే పెద్దవాళ్లకే ఆరు స్పూన్లు. పళ్లరసంలోదీ ఆ లెక్కలోకే వస్తుంది. నేనేమో కోలా మాన్పించానని ధీమాగా రోజూ జ్యూస్ డబ్బా సర్దుతున్నాను.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే. మేమంతా కలిసినప్పుడు పిల్లల బల్ల మీద నీళ్లే పెడదామని పోయినేడు మావాళ్లలో ఒకరు అడిగితే, "ఏడాదికి రెండుసార్లేగా" అని అడ్డుపడింది నేనే. ప్రతి వారాంతం ఎవరిదో ఒకరి పుట్టినరోజు ఉంటుందని నాకు తెలియదా! అమెరికాలో బర్క్‌లీ ఊరి జనం 2014లో ఓటేసి మరీ తీపి డ్రింకుల మీద పన్ను తెచ్చుకున్నారు. బ్రిటన్‌లో 2018 నుంచి చక్కెర మోతాదును బట్టి పన్ను ఉంది, దాని దెబ్బకు చాలా కంపెనీలు చక్కెర తగ్గించాయి. నేను ఒక బల్ల మీంచి సీసాలు తీయనివ్వలేదు.

ఈసారి నీళ్ల జగ్గులు నేనే తెస్తానని చెప్పాను. మీరూ ముందు పిల్లల బల్ల నుంచే మొదలుపెట్టండి అని రాద్దామనుకున్నాను. కానీ నిన్న మా పాప తన స్నేహితురాలి గ్లాసు చూసి "నీది తొమ్మిది స్పూన్లు" అంది. ఆ పిల్ల గ్లాసు కింద పెట్టేసి తల దించుకుంది. మా పాపను మందలించాలో మెచ్చుకోవాలో తేలక, అప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను.