ఐస్ బఫర్, గ్లాస్ ఫైబర్ ఫిల్టర్, కొన్ని సెకన్లు

కాలేజీ రోజుల గురించి రాయమంటే హాస్టల్ కబుర్లు, మెస్ సాంబారు గురించి మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. నేను మన ల్యాబ్ మూలన ఉండే ఫిల్టర్ మానిఫోల్డ్ (ఒకేసారి చాలా గొట్టాల ద్రవాన్ని వడగట్టే పరికరం) గురించి రాస్తాను. వ్యాక్యూమ్ పెట్టి, చల్లటి బఫర్ పోసి, ఫిల్టర్‌ని వయల్‌లో పడెయ్యడమే రికార్డులో "రేడియోలిగాండ్ బైండింగ్": రేడియోధార్మిక లేబుల్ తగిలించిన మందు (లిగాండ్), దాన్ని పట్టుకునే చోటికి (రిసెప్టర్‌కి) ఎంత అతుక్కుందో కొలవడం. ఆ చేతిపనిని మెదడు పరిశోధనలో నిలబెట్టినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది బాల్టిమోర్ జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేసిన సాలమన్ స్నైడర్‌ని.

స్నైడర్ చదివింది సైకియాట్రీ. పరిశోధన నేర్చుకున్నది అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్‌లో జూలియస్ యాక్సెల్‌రాడ్ దగ్గర. నల్లమందు మెదడులో ఎక్కడో అతుక్కుంటుందని అప్పటికి అందరి అనుమానమూ. పట్టుకోవడమే కష్టం. 1971లో స్టాన్‌ఫర్డ్‌లో అవ్రం గోల్డ్‌స్టీన్ చక్కటి దారి చూపించారు. లెవోర్ఫనాల్ నొప్పి తగ్గిస్తుంది, దాని అద్దపు ప్రతిబింబం డెక్స్‌ట్రోర్ఫాన్ తగ్గించదు. మొదటిది తరిమేసి, రెండోది కదిలించలేని రేడియోధార్మికత ఎంతో, అదే రిసెప్టర్ వాటా. అయితే ఆయనకి కనబడిన వాటా రెండు శాతమే. లేబుల్‌లో వేడి (అంటే రేడియోధార్మికత) తక్కువ, అందుకని మందు ఎక్కువ పొయ్యాలి. ఎక్కువ పోస్తే కొవ్వుకీ గాజుకీ అంటుకున్నదే లెక్కలో నిండిపోతుంది.

స్నైడర్ విద్యార్థిని క్యాండేస్ పెర్ట్ మొదట వాడిన ట్రిషియం (రేడియోధార్మిక హైడ్రోజన్) తగిలించిన డైహైడ్రోమార్ఫిన్ పనిచెయ్యలేదు. తర్వాత ట్రిషియం నలాక్సోన్ (నల్లమందుని అడ్డుకునే మందు) దారికి తెచ్చింది. ఎలక మెదడులోంచి చిన్నమెదడు తీసేసి 0.05 మోలార్ ట్రిస్ బఫర్‌లో నూరారు. 35 డిగ్రీల దగ్గర లెవోర్ఫనాల్ ఉన్న గొట్టమొకటి, డెక్స్‌ట్రోర్ఫాన్ ఉన్నదొకటి పెట్టి, రెంటిలోనూ నానోమోలార్ మోతాదులో నలాక్సోన్ వేసి 15 నిమిషాలు ఉంచారు. తర్వాత ఐస్‌లో చల్లార్చి, ఫిల్టర్ చేసి, చల్లటి బఫర్‌తో రెండుసార్లు కడిగారు. 1973 మార్చిలో 'సైన్స్' పత్రికలో వచ్చింది. న్యూయార్క్‌లో ఎరిక్ సైమన్, ఉప్సాలాలో లార్స్ టెరేనియస్ అదే ఏడాది విడివిడిగా అక్కడికే చేరారు.

ఇందులో వేడి ఎంత ముఖ్యమో లెక్క చూడండి. అణువుకి ఒక ట్రిషియం ఉంటే మిల్లీమోల్‌కి సుమారు 29 క్యూరీలు (రేడియోధార్మికత కొలత), అంటే ఫెమ్టోమోల్‌కి (ఇది మహా చిన్న మొత్తం) నిమిషానికి 64 విఘటనలు. కౌంటర్ సామర్థ్యం 40 శాతమైతే చేతికందేది పాతిక. ఇంతకంటే రేడియోధార్మికత తక్కువున్న లేబుల్‌తో ఫెమ్టోమోల్‌లు వెతకడం దండగ.

ఇక కడగడం. కేడీ (సగం రిసెప్టర్లు నిండే లిగాండ్ గాఢత; ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టి) ఒక నానోమోలార్, అతుకుడు రేటు సెకనుకి మోలార్‌కి పది లక్షలు అనుకుందాం. రెండూ గుణిస్తే విడిపోయే రేటు సెకనుకి 0.001, సగం జారిపోడానికి పదకొండున్నర నిమిషాలు. పది శాతం పోవడానికే దాదాపు 105 సెకన్లు ఉన్నాయి, నింపాదిగా కడగొచ్చు. కేడీ 100 నానోమోలార్ అయితే ఆ పది శాతం ఒక్క సెకనులో పోతుంది. బలహీనమైన లిగాండ్‌తో ఫిల్టర్ చేసి "బైండింగ్ లేదు" అని రాసేవాళ్లు నిజానికి రిసెప్టర్‌ని సింకులో పోస్తున్నారు. బఫర్‌ని ఐస్‌లో పెట్టమనేది అందుకే, విడిపోవడం నెమ్మదిస్తుంది. ధనావేశమున్న లిగాండ్ గాజుకి అంటుకుంటుంటే ఫిల్టర్‌ని ముందు 0.3 శాతం పాలీఇథిలీన్‌ఇమైన్‌లో నానబెట్టాలి. కలిపిన లిగాండ్‌లో పదోవంతు కంటే ఎక్కువ అతుక్కుంటే టిష్యూ తగ్గించండి, లేకపోతే కేడీ ఉన్నదానికంటే పెద్దదిగా వస్తుంది.

ఆ ల్యాబ్‌లోనే ఇంకో ముక్క దొరికింది. బఫర్‌లో సోడియం వేస్తే నలాక్సోన్‌లాంటి అడ్డుమందుల బైండింగ్ పెరిగి, మార్ఫిన్‌లాంటివాటిది పడిపోతుంది. ఉప్పు చూసి మందు గుణం చెప్పొచ్చన్నమాట! రిసెప్టర్ లోపల సోడియం కూర్చునే చోటు స్ఫటిక నిర్మాణాల్లో కనబడడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది.

నాకైతే అన్నిటికంటే ముచ్చటైనది డోపమైన్ అనే మెదడు రసాయనం కథ. డోపమైన్, కణంలో సంకేతం మోసే సైక్లిక్ ఏఎమ్‌పీని పెంచుతుందని పాల్ గ్రీన్‌గార్డ్ బృందం 1972లో మెదడులోని కాడేట్ కేంద్రకంలో చూపించింది. మతిభ్రమణం తగ్గించే మందులు దాన్ని ఆపుతాయి. కానీ లెక్క కుదరలేదు: క్లినిక్‌లో కొద్ది మిల్లీగ్రాములకే పనిచేసే హాలోపెరిడాల్, గొట్టంలో, ఎక్కువ మోతాదు కావలసిన క్లోర్‌ప్రోమజైన్ కంటే గొప్పగా లేదు. ట్రిషియం హాలోపెరిడాల్‌తో క్రీస్, బర్ట్, స్నైడర్ బైండింగ్ కొలిస్తే, రోగికిచ్చే మోతాదు వరసా ఫిల్టర్ మీది వరసా సరిపోయాయి (1976). టొరాంటోలో ఫిలిప్ సీమన్ కూడా అదే చూపించారు. సైక్లిక్ ఏఎమ్‌పీని తయారుచేసే ఎంజైమ్ సైక్లేజ్‌ని లేపేది డీ1 రిసెప్టర్, మందులు పట్టుకునేది డీ2 అని 1979లో కెబాబియన్, కాన్ విడదీశాక చిక్కు వీడింది. రెండు కొలతలూ సరైనవే, కొలిచినవి వేరువేరు రిసెప్టర్లు.

స్నైడర్ 1990లో డేవిడ్ బ్రెట్‌తో కలిసి, నైట్రిక్ ఆక్సైడ్ వాయువుని తయారుచేసే ఎంజైమ్ నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్‌ని శుద్ధి చేసినప్పుడూ వేరుచేసే ఉపాయమే ఆదుకుంది. ఆ వాయువు క్షణాల్లో మాయమౌతుంది కాబట్టి దాని జోలికి పోకుండా, ట్రిషియం ఆర్జినీన్ (ఎంజైమ్‌కి ముడిసరుకు) ఇచ్చి దాంతోపాటు పుట్టే సిట్రులిన్‌ని లెక్కపెట్టారు. పీహెచ్ 5.5 దగ్గర డోవెక్స్ రెజిన్ ఆర్జినీన్‌ని పట్టుకుంటుంది, సిట్రులిన్ కిందికి జారిపోతుంది. శుద్ధి చేస్తున్నకొద్దీ ఎంజైమ్ చచ్చిపోయేది. కాలమ్ మీద దానికి తోడు కావలసిన ప్రోటీన్ కాల్‌మోడ్యులిన్ విడిపోతోంది మరి. దాన్ని తిరిగి కలపగానే కౌంట్లు లేచాయి.