లంకమల కోసం బూట్లు: ఇప్పటిదాకా తేలింది

జూలై

పాత స్పోర్ట్స్ షూతో కడప జిల్లా లంకమల అడవి అంచున పక్షులకోసం తిరగడం ఇక కుదరదు. అక్కడ నేలంతా కంపే. రేగు, తుమ్మ, ఎండి రాలిన సర్కారుతుమ్మ కొమ్మలు. వేలెడు ముల్లు మెత్తటి ఫోమ్ అడుగును దాటి నేరుగా పాదంలో దిగుతుంది. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ కనబడింది ఇలాంటి పొదల నేలలోనే. అటవీశాఖ అనుమతి తీసుకుని ఆ పిట్ట తిరిగే నేల చూడాలనుకునేవాళ్లు ముందు కాళ్ల సంగతి చూసుకోవాలి.

గొర్రెలు కాసేవాళ్ల టైరు చెప్పులు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. రబ్బరు మధ్యలో దారాల పొర ఉంటుంది. ముల్లు అక్కడికొచ్చి ఆగిపోతుంది. నేను బూటులో వెతుకుతున్నది అదే: కింద మందం రబ్బరు, దానిపైన గట్టి పొర. దుకాణంలో బూటును రెండు చేతులా పట్టుకుని వంచి చూస్తున్నా. వేళ్ల దగ్గర వంగాలి. నడుమ వంగితే పక్కన పెట్టేస్తున్నా, రాళ్లమీద అరికాలు అలిసిపోతుంది.

వేట మనకు 1972 వన్యప్రాణి చట్టంతో, దాని 1991 సవరణతో పోయింది కానీ, విదేశాల్లో వేటగాళ్లకోసం చేసే బూట్ల పద్ధతి మాత్రం చాలావరకు మనకు పనికొస్తుంది. 8 అంగుళాల ఎత్తు, దళసరి తోలు, లేసుల కిందుండే నాలుకను పక్కలకు కుట్టేసి ఉండటం. ఆ కుట్టువల్ల గడ్డిముళ్లు, గులకరాళ్లు లోపలికి రావు. చీలమండను దాటిన తోలు ఉంటే పొదల్లో నడుస్తున్నప్పుడు పింజర పాము భయం కొంత తగ్గుతుంది. కొంతే, చేతిలో కర్ర, కళ్లు నేలమీద తప్పవు. 400 గ్రాముల ఇన్సులేషన్ (చలిని ఆపే పొర) అని రాసి ఉన్నవి మంచుదేశాలకు. కడప ఎండలో వాటి జోలికి పోకండి.

సెప్టెంబరు

నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డిమైదానం. బట్టమేకపిట్టవల్ల పేరొచ్చిన నేల. వానపడ్డాక నల్లరేగడి అడుగడుక్కీ బూటుకు అంటుకుని ఇటుకంత బరువవుతుంది. అడుగున గాడులు లోతుగా ఉంటే సరిపోదు, ఎడంగా కూడా ఉండాలి. దగ్గరదగ్గరగా ఉన్నవాటిలో మట్టి ఇరుక్కుపోయి అడుగు నున్నగా అవుతుంది. నాలుగైదు మిల్లీమీటర్ల లోతు, మధ్యలో వేలు పట్టేంత సందు ఉన్న జత నడుస్తుంటే మట్టిని దానంతటదే విదిలించేస్తోంది. గమ్‌బూట్లు ఇక్కడ గెలుస్తాయి, నిజమే. కానీ గుట్ట ఎక్కేటప్పుడు మడమ లోపలే జారుతుంది, మధ్యాహ్నానికి మేజోళ్లు చెమటతో పిండేలా ఉంటాయి.

నవంబరు

ఈశాన్య రుతుపవనం మొదలైంది, వంకలు పారుతున్నాయి. నీళ్లు చొరబడని పొర ఉన్న బూటా, లేనిదా అన్నది ఇక్కడే తేలింది. వంక దాటేటప్పుడు నీళ్లు పైనుంచే వస్తాయి. పొర ఉన్నదాంట్లో వచ్చిన నీళ్లు బయటికి పోవు, మరుసటి రోజుకూ తడే. పొర లేని తోలుబూటు తొందరగా తడిసినా తొందరగా ఆరుతుంది. మన ప్రాంతానికి నా ఓటు రెండోదానికే. రోజంతా ముసురులో, తడిగడ్డిలో నడిచే వాళ్లకైతే మొదటిది మేలు.

తడిసిన రాతిబండ మీద అడుగు రబ్బరు అసలు గుణం బయటపడుతుంది. గోరుతో నొక్కితే కొంచెం లొంగే రబ్బరు పట్టు నిలుపుతోంది, గట్టిది జారుతోంది. మెత్తది త్వరగా అరుగుతుంది, దానికి సిద్ధపడాల్సిందే.

కొత్త జతను కడపలో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లా. అడుగు అంచును బొటనవేలితో వలిచి చూసి, “గమ్మును నమ్మొద్దు నాయనా, నానితే ఊడొస్తాది. సుట్టూ కుట్టు ఏస్తా” అన్నాడు. మైనం పట్టించిన దారంతో, రబ్బరులో చిన్న గాడి కోసి, కుట్టు లోపలికి దిగేలా వేశాడు. అందుకే ఆ దారం రాళ్లకు ఒరుసుకోవడం లేదు.

ఆరబెట్టడం: లోపలి అట్ట తీసేసి, దినపత్రిక ఉండలు కుక్కి, నీడలో. పొయ్యి దగ్గర పెడితే తోలు పగులుతుంది. ఆరాక పలుచగా తేనెమైనం.

కొనేవాళ్లకు: సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. అడవికి తొడిగే దళసరి మేజోళ్లు వెంట తీసుకెళ్లండి. లేసులు కట్టకుండా కాలును ముందుకు నెడితే మడమ వెనక ఒక వేలు పట్టాలి. తర్వాత లేసులు బిగించి మెట్లు దిగండి. బొటనవేలు ముందు గోడకు తగిలితే ఆ సైజు వద్దు, గుట్ట దిగేటప్పుడు గోరు నల్లబడుతుంది.

ఇక మిగిలింది కడప దగ్గరి పాలకొండల వాలు. చీలమండ దగ్గర లేసును రెండు మెలికలు వేసి బిగించే పద్ధతిని అక్కడ దిగుడులో చూడాలి. వాన తెరిపిచ్చాక వెళ్తున్నా.