పొలమారినప్పుడల్లా

పొద్దున మంచినీళ్లు తాగుతుంటే అన్నకు మళ్లీ పొలమారింది. అమ్మ నడినెత్తి మీద తట్టి, "ఎవలో యాది చేస్కుంటున్నరు బిడ్డా" అన్నది. నెల కిందటి దాకా నేనూ అదే అనేదాన్ని.

అన్న మానసిక జబ్బుకు మందులు వాడబట్టి ఆరేండ్లు. చెవుల్లో మాటలు తగ్గినయి, రాత్రి నిద్రపోతున్నడు, అదంతా ఆ గోలీల పుణ్యమే. కానీ రొట్టె ముక్క నోట్లో పెట్టుకొని గోడ దిక్కు చూస్తూ కూర్చుంటే మొండికేసిండనుకున్నం. ఎన్నిసార్లు కసిరిన్నో. ఆ మందులు మెదడులో కదలికలకు సాయపడే డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటయి. నడక మందగించినట్టే మింగుడూ మందగిస్తదని మాకేం తెలుసు?

నెల కింద ఆ మందుల్లో ఒకటైన హలోపెరిడాల్ డోసు పెంచిన మూడో రాత్రి మెడ ఒక పక్కకు గుంజుకపోయింది. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులకెళ్లి కీచుమని చప్పుడు. పక్కింటామె గాలి సోకిందన్నది. నేను 108కి ఫోన్ చేసిన. నల్లగొండలో ప్రోమెథజిన్ సూది వేసినంక అరగంటకు మెడ నిలబడ్డది. గొంతు కండరాలు అట్ల బిగుసుకుంటే ప్రాణం మీదికొస్తదని, మందు మొదలుపెట్టిన, డోసు పెంచిన తొలి రోజుల్లోనే ఎక్కువని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. డోసు పెంచిన రోజే ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే! ఆ కోపం ఇంకా చల్లారలేదు.

ఇప్పుడు డోసు తగ్గించి, 2 మిల్లీగ్రాముల ట్రైహెక్సీఫెనిడిల్ ఇచ్చిన్రు. బిగుసుకుపోవుడు తగ్గింది గానీ నోరు ఎండిపోతున్నది. జొన్నరొట్టె అంగిట్లో అతుక్కుంటున్నది. అందుకే మధ్యాహ్నం జొన్న గటక చేసిన, పెరుగు కలిపి చిక్కగా. నిటారుగా కూర్చోబెట్టి చిన్న చెంచాతో ఇచ్చిన. గొంతు మీది ముడి సగం దాకా లేచి ఆగి, మళ్లీ లేచి దిగింది. అది దిగినంకనే ఇంకో చెంచా. గిన్నె ఖాళీ అయ్యేసరికి నలభై నిమిషాలు. ఒక్కసారి కూడా పొలమారలేదు.

సాయంత్రం అమ్మ, "ఆ గోలీలే బందు పెడ్తే?" అన్నది. మూడేండ్ల కింద మాకు మేమే బందు పెట్టినం. నెల తిరగకముందే ఇల్లు విడిచిపోయిండు, నాలుగు రోజులకు మిర్యాలగూడ రైల్వేస్టేషన్ల దొరికిండు. అది యాది చేసిన. అమ్మ ఇంకేం అనలేదు. సోమవారం డాక్టర్‌కు చూపించాలని, పొలమారినప్పుడల్లా క్యాలెండర్ల తారీఖు పక్కన ఒక గీత పెడుతున్న. పొద్దున నీళ్లకొకటి, సాయంత్రం చాయ్‌కొకటి.

పడుకునే ముందు అన్నే అడిగిండు, "చెల్లే, ఇయ్యాల ఎన్ని?"

"రెండే అన్నా."